కాగితాల్లో లేని భయం

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద ఫిరంగి గుళ్లు కురిపించింది. రేవు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు భగ్గుమన్నాయి. హైకోర్టు ప్రహరీకీ దెబ్బ తగిలింది. జనం మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు. నంద్యాల, ఆళ్లగడ్డలకు అప్పట్లో రాజధాని మద్రాసే. పెద్ద వ్యాజ్యమొస్తే ఆ హైకోర్టుకే వెళ్లాలి.

1945లో పోట్స్‌డామ్‌పై బాంబులు పడి జర్మన్ పదాతిదళాల దస్తావేజులు చాలావరకు బూడిదయ్యాయి. నౌకాదళం కాగితాలు మిగిలాయి. ఇప్పుడవి ఫ్రైబర్గ్‌లో భద్రంగా ఉన్నాయి. ఓడల రాకపోకలు, ఉత్తర్వులు అందులో దొరుకుతాయి. పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తిన తల్లి భయం దొరకదు. అలాంటివి తాతమ్మల నోటే బతికాయి. విన్న పెద్దలు ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే అడగండి. రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు.