సనదు

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గం వారు కోరుతూ, రాజకీయ పత్రికకు వ్యాసం వ్రాసి పంపడమెట్లాగో తెలియజేస్తే విద్యార్థులకు ఉపయోగంగా ఉంటుందని కూడా సూచించారు. ఉపదేశం చేయగల అర్హత నాకు లేదు. నా పేరుతో అచ్చయిన వ్యాసాలు వేళ్ళమీద లెక్కించదగినవే. అయితే మొదటి వ్యాసం పంపినప్పటి అనుభవం మాత్రం చెప్పదగినదే ననుకుంటాను.

అది 2007వ సంవత్సరం. హైదరాబాదులో ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదువుతూ వసతిగృహంలో ఉండేవాణ్ణి. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు విద్యలోనూ ఉద్యోగాలలోనూ రిజర్వేషను కల్పించాలన్న ప్రయత్నం అప్పటికే రెండుసార్లు, 2004లోనూ 2005లోనూ, హైకోర్టులో వీగిపోయింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడవసారి చట్టం చేసి, పధ్నాలుగు వర్గాలను గుర్తించి, నాలుగు శాతం కేటాయించింది. ఎక్కడ చూచినా అదే చర్చ. పత్రికలలో వచ్చిన కొన్ని వ్రాతలు చదివి నా రక్తం ఉడికిపోయింది. దసరా సెలవులలో ఇంటికి కూడా పోకుండా నాలుగు రాత్రులు కూర్చుని పదకొండు పుటల వ్యాసం వ్రాశాను. సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చి ఉన్నది. అంకెలకు కొదువ లేదు.

ఆ వ్యాసంలో మొదటి వాక్యం నాకు ఎంతో ముద్దుగా ఉండేది. స్వాతంత్ర్యం వచ్చి అరవై సంవత్సరాలు గడచినా ఈ రాష్ట్రంలో ఒక్క ముస్లిం విద్యార్థికైనా వెనుకబాటుతనం ప్రాతిపదికగా ఒక్క సీటైనా దక్కలేదని ఆ వాక్యం భావం. దానిని పదిసార్లు పైకి చదువుకుని ఉంటాను.

వసతిగృహానికి దగ్గరలోనే ఒక విశ్రాంత ఉర్దూ అధ్యాపకులు ఉండేవారు. ఉర్దూ అక్షరాలు నాకు ఆయన పెట్టిన భిక్షే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము దూదేకులవాళ్ళం. మా తాత కర్నూలు జిల్లా పల్లెలలో విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి దూది ఏకినవాడు. మా నమాజు అరబ్బీలో, మా తగవులు తెలుగులో. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఉర్దూలో నా పేరు వ్రాయడం నాకు రాదు. ఉస్తాదుగారికి తెలుగు వింటే అర్థమయ్యేది గాని చదవడం వచ్చేది కాదు. అందుచేత నేను చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని వినేవారు.

మొదటి వాక్యం పూర్తయిందో లేదో ఆయన చెయ్యెత్తారు.

"బేటా, జర ఆగు. ఈ మాటకు సనద్ ఏది?"

సచార్ నివేదిక చూపుతానని లేవబోయాను. ఆయన నవ్వి, నా చేతిలోని కాగితం తీసుకుని, ఆ వాక్యం ప్రక్క అంచులో పెన్సిలుతో 'సనద్' అని ఉర్దూలో వ్రాసి ప్రశ్నార్థకం పెట్టారు.

"ఆ సనద్ గాదు. నీ సనద్. నువ్వు ఎట్ల చదివినవ్?"

ఉర్దూలో ఆ మాటకు రెండర్థాలున్నాయి. ఒక మాటకు గల ఆధారం సనదే, మనిషి చేతిలో ఉండే ధ్రువపత్రమూ సనదే. నా పెట్టె అడుగున ప్లాస్టికు కవరులో ఒక ధ్రువపత్రం ఉన్నది. దూదేకుల, వెనుకబడిన తరగతి, బి విభాగం. డిగ్రీలో సీటు, విద్యార్థివేతనం, నేను పడుకునే ఆ మంచం కూడా దాని చలవే. ఒక్క ముస్లింకైనా దక్కలేదని వ్రాసినవాడు, దక్కిన ముస్లిం!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు తెలిసినందుకు కాదు, దిద్దితే వ్యాసం కూలిపోతుందన్న భయం వల్ల. 'వీళ్ళకు ఇదివరకే ఉన్నది గదా, ఇంకా ఎందుకు' అనేవారికి నేనే ఆయుధం అందించినట్లవుతుంది. ఆ వాక్యాన్ని కొట్టివేసి, దూదేకుల ప్రస్తావన లేకుండా నడిపిస్తే ఎవరికి తెలుస్తుంది? రెండు రోజులు ఆ ఆలోచనలోనే గడిచాయి. సిగ్గుపడుతూనే ఈ సంగతి వ్రాస్తున్నాను.

మూడవనాడు గ్రంథాలయానికి వెళ్ళాను. అనంతరామన్ కమిషను నివేదిక, దాని ననుసరించి 1970లో ప్రభుత్వం ప్రకటించిన జాబితా వెదకి పట్టుకున్నాను. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని మా పేర్లన్నీ బి విభాగంలో వరుసగా ఉన్నాయి. దాని ప్రక్కన 2007 చట్టంలోని పట్టిక పెట్టుకుని చదివాను. అత్తరు సాయిబులు, ఫకీరు, గారడీ సాయిబులు, తురక కాశ, ఖురేషీ: పేరులోనే వృత్తి తెలిసే వర్గాలు ఎన్నో. సయ్యదులనూ, మొగలులనూ, ఇరానీలనూ, అరబ్బులనూ చట్టం స్పష్టంగా మినహాయించింది. రెండు కాగితాలూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే నేను అంతవరకు చూడని దారి కనిపించింది. దూది ఏకేవాణ్ణి 1970లో వృత్తినీ, వెనుకబాటునూ బట్టి గుర్తించి జాబితాలో చేర్చినప్పుడు, అత్తరు అమ్ముకునేవాణ్ణి, ఎలుగుబంటి నాడించేవాణ్ణి అదే కొలబద్దతో గుర్తించడం కొత్త సూత్రం ఎట్లా అవుతుంది? మా చేర్పు వాదానికి అడ్డం కాదు, దానికి ఆధారమే. నేను దాచదలచిన సంగతే వ్యాసానికి వెన్నెముక అయింది.

అదే గ్రంథాలయంలో ఆ రోజులలోనే 'గోలకొండ కవుల సంచిక'ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. తెలంగాణంలో తెలుగు కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపంతో సంపాదకీయం వ్రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో ప్రకటించారు. పుటలు త్రిప్పుతుంటే నా పదకొండు పుటల ఆవేశం నాకే చిన్నగా కనిపించింది.

పదకొండు పుటలు ఏడయ్యాయి. కాగితానికి ఒకవైపే, అంచు వదిలి, ఎర్రసిరా వాడకుండా శుభ్రప్రతి వ్రాశాను. స్వీయరచన అనీ, అనువాదమో అనుకరణో కాదనీ, వేరే పత్రిక పరిశీలనలో లేదనీ హామీపత్రం జతపరిచాను. తిరుగుటపాకు సరిపడా బిళ్ళలు అంటించిన కవరు కూడా లోపల పెట్టి ఒక రాజకీయ మాసపత్రికకు రిజిస్టర్డు పోస్టులో పంపాను. ప్రతి ఒకటి తీసిపెట్టుకోవలసిందని ఉస్తాదుగారు మరీమరీ చెప్పారు. ఆయన మాట వినకుంటే నా గతి ఏమయ్యేదో, ఎందుకంటే ఆ కవరు పది వారాల తరువాత తిరిగి వచ్చేసరికి వానకు తడిసి సగం అక్షరాలు కరిగిపోయి ఉన్నాయి.

అది తిరస్కారం కాదు. రెండు పుటలు తగ్గించమన్నారు, రెండు అంకెలకు ఆధారం అడిగారు, ఒకచోట మాత్రం 'మీ స్వవిషయం అవసరమా?' అని వ్రాశారు. నేను దూదేకులవాణ్ణనీ, బి విభాగం కింద చదువుకుంటున్నాననీ తెలిపే వాక్యం అది. రెండు పుటలు తగ్గించాను, ఆధారాలు ఇచ్చాను. ఆ వాక్యం మాత్రం ఉండనివ్వవలసిందని ఉత్తరం వ్రాశాను. 2008లో వ్యాసం అచ్చయింది. శీర్షిక మార్చారు గాని వాక్యం ఉంచారు.

పత్రిక ప్రతులు రెండు వచ్చాయి. ఒకటి ఉస్తాదుగారికి ఇచ్చి, రెండవది ఇంటికి పంపాను. మా చిన్నాయన పరుపులు కుట్టే అంగడి నడిపేవాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి ఫోను చేశాడు. సంతోషిస్తాడనుకున్నాను.

"ఏమబ్బీ, మన సర్టిఫికేటు సంగతి పుస్తకంలో ఎందుకు ఎక్కించినావు? రేపు ఎవరన్నా చూసి, వీళ్ళకెందుకు ఇచ్చినారని పీకేస్తే పిల్లోళ్ళ గతేంది?"

చట్టం, కమిషను, జాబితా అంటూ ఏమేమో చెప్పాను. ఆయన విని "సరేలే" అన్నాడు. ఆ 'సరేలే' నాకు చాలాకాలం గుచ్చుకుంది. నా వాక్యం నిజమే. కాని దానివల్ల భయపడవలసివచ్చింది ఆయన; ఆయనను నేను అడగలేదు. ఈ లెక్క ఈనాటికీ నాకు పూర్తిగా తేలలేదు.

2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కూడా కొట్టివేసింది; మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అమలు కొనసాగింది. ఆ వ్యాసంలో నేను చేసిన జోస్యాలు కొన్ని ఆ దెబ్బకే పోయాయి. ఉస్తాదుగారు ఇప్పుడు లేరు. ఆయన పెన్సిలు గుర్తు ఉన్న చిత్తుప్రతి మొదటి పుట నా బల్ల సొరుగులో ఉన్నది. వ్యాసాలు చూపించడానికి వచ్చే విద్యార్థులలో కొందరు దానిని చూసే ఉంటారు.

చిన్నాయన ఫోను చేసిన మరుసటి యేడు రంజానుకు ఊరికి వెళ్ళాను. ఏదో కాగితం కోసం ఇనుపపెట్టె తెరిచినప్పుడు, పిల్లల కులధ్రువపత్రాలు, రేషన్ కార్డు ఉన్న కవరులోనే ఆ పత్రిక కూడా కనిపించింది. నా వ్యాసం ఉన్న పుట దగ్గర పరుపులు కుట్టే దారం ముక్క ఒకటి గుర్తుగా పెట్టి ఉన్నది.