డ్రమ్ముపై రాసి ఉన్న మాట

గత రమజాన్‌లో ఒక సాయంత్రం, అసర్ నమాజు ముగిసి పిల్లలు సబక్ కోసం వరుసగా కూర్చుంటున్న వేళ, మా పాత విద్యార్థి ఒకడు మదర్సా గుమ్మంలో నిలబడి సలాం చేశాడు. ముసాఫహా కోసం మేము చేయి చాచాము. అతడు కుడిచేతిని ముందుకు తేలేకపోయాడు. మోచేతి నుండి మణికట్టు వరకు కట్టు ఉంది. పదమూడేళ్ళ వయసులో మా వద్దనే హిఫ్జ్ పూర్తిచేసిన వాడు. తరావీహ్‌లో అతని ఖిరాఅత్ వినడానికి పక్క బస్తీల నుండి కూడా జనం వచ్చేవారు. ఇప్పుడు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఒక రసాయన కర్మాగారంలో హెల్పర్‌గా పనిచేస్తున్నాడు.

ఏమైందని అడిగితే నెమ్మదిగా చెప్పాడు. నేల కడగడానికి ఆమ్లాన్ని పలుచన చేయమన్నారట. తొట్టిలో ఉన్న గాఢమైన ఆమ్లంలో ఇతడు నీళ్ళు పోశాడు. అది భగ్గున పొంగి చేతిపై చిమ్మింది.

"డ్రమ్ముపై అంతా రాసే ఉందట హజ్రత్. నీళ్ళలో తేజాబ్ పోయాలి గానీ, తేజాబ్‌లో నీళ్ళు పోయకూడదట. అది పదో తరగతిలోనే చెబుతారని సూపర్‌వైజర్ సాబ్ అన్నాడు."

అతని మాటలో ఫిర్యాదు లేదు. కాని మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం ఇది: అతని హిఫ్జ్ పూర్తయిన రోజున తండ్రి మా వద్దకు వచ్చి, "మౌల్వీసాబ్, ఇక వీణ్ణి స్కూల్లో వేయమంటారా?" అని అడిగాడు. అవసరం లేదని చెప్పినది మేమే. దీన్ నేర్చిన వాడి వెంట దునియా దానంతటదే వస్తుందని ఆనాడు అతనికి ధైర్యం చెప్పి పంపాము. ఆ తండ్రి మా మాటను శిరసావహించాడు.

పనిలో పెట్టుకున్న మనిషికి శిక్షణ ఇవ్వడం, చేతికి తొడుగు ఇవ్వడం యజమాని బాధ్యత. అందులో సందేహం లేదు. అయితే తన చేతిలోని వస్తువు ఏమిటో తెలిసిన మనిషి, తొడుగు ఇవ్వనప్పుడు అడగగలడు. తెలియని మనిషి అడగలేడు. అతన్ని ఆ తెలియనివాళ్ళలో నిలిపిన వారిలో మేమూ ఉన్నాము. ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నది ఆ బాధ్యతను ఒప్పుకోవడానికే.

మన ప్రాంతాన్ని ఒకసారి పరికించండి. రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాలు తయారుచేసే బీహెచ్‌ఈఎల్ ఉంది. పటాన్‌చెరులో మెట్ట పంటలపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972 నుండి పనిచేస్తోంది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉంది. 2008లో ఐఐటీ హైదరాబాద్ తన తొలి తరగతులను ఆ ప్రాంగణంలోనే మొదలుపెట్టి, తరువాత కందిలోని సొంత ప్రాంగణానికి తరలింది. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్‌ల చుట్టూ మందుల కర్మాగారాలు బారులు తీరి ఉన్నాయి. దేశంలో ఇంత విజ్ఞానశాస్త్రం ఇంత తక్కువ నేలపై పోగుపడిన చోట్లు ఎన్నో ఉండవు. మన పిల్లలు ప్రతిరోజూ ఆ గేట్ల ముందు నుండే బస్సులో వెళుతుంటారు. లోపలికి వెళ్ళిన మనవాళ్ళలో ఎక్కువమంది హెల్పర్లుగా, క్యాంటీన్‌లో, తోటపనిలో, లోడింగ్‌లో కనిపిస్తారు. హలాల్ సంపాదన ఏదైనా గౌరవప్రదమే. అయితే ఒకే గేటు వద్ద తరతరాలుగా ఒకే పనికి వరుస కట్టడం విధిరాత అనుకోవడం మన తప్పు.

తెలియకపోవడం ఖరీదు ఎంతో ఈ నేలకు తెలుసు. నక్కవాగులోకి కర్మాగారాల వ్యర్థజలాలు చేరి, పొలాలు, బావులు పాడైన సంగతి మన పెద్దలు అనుభవించినదే. ఆ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించారు. కొన్ని సూక్ష్మజీవులకు హాని చేసే మోతాదు కంటే అది వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. ఆ నీటి పక్కనే నివసించిన మనకు వాసన తెలిసింది, రంగు తెలిసింది; లెక్క తెలియలేదు. న్యాయస్థానంలో వాసన సాక్ష్యం కాదు, లెక్క సాక్ష్యమవుతుంది. సత్యానికి సాక్షులుగా నిలబడమని మన ధర్మం ఆదేశిస్తున్నప్పుడు, ఆ సాక్ష్యాన్ని కొలిచే విద్య మనకు ధర్మేతరం ఎలా అవుతుంది?

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలి 40 మందికి పైగా కార్మికులు మరణించారు. ఇతర రాష్ట్రాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు వారిలో ఎందరో. అల్లాహ్ ఆ కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించుగాక. ఆ రోజు మా మస్జిద్‌లో దుఆ చేశాము. దుఆతో పాటు చేయవలసిన పని కూడా ఒకటి ఉంది.

"మదర్సా పెద్దలు విజ్ఞానశాస్త్రం గురించి మాట్లాడటమేమిటి?" అని కొందరు ఆశ్చర్యపోవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు మన పాఠ్యక్రమంలోనే ఉంది. పద్దెనిమిదవ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ రూపొందించిన దర్సె నిజామీలో తర్కంతో పాటు గణితం, జ్యామితి, ఖగోళశాస్త్రం కూడా ఉండేవి. కాలక్రమంలో మనమే వాటిని పక్కకు నెట్టి, మిగిలినదాన్ని సంపూర్ణమని భావించాము.

మేము ప్రతి సంవత్సరం పెద్ద తరగతికి ఫరాయిజ్, అంటే వారసత్వ శాస్త్రం బోధిస్తాము. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమార్తెలను, తల్లిదండ్రులను విడిచి మరణిస్తే ఎవరికెంత? భార్యకు ఎనిమిదో వంతు, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, తల్లికి, తండ్రికి చెరొక ఆరో వంతు. ఇరవై నాలుగు భాగాలు చేసి పంచితే మొత్తం ఇరవై ఏడు అవుతుంది. ఖుత్బా మధ్యలో ఈ ప్రశ్న ఎదురైనప్పుడు హజ్రత్ అలీ (రజి) మింబర్‌పై నుండే, భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అయిందని తేల్చారని మనం చదువుకున్నాం. ఇరవై ఏడులో మూడు అంటే తొమ్మిదో వంతే కదా! భిన్నాలు రానివాడు ఈ పాఠాన్ని కంఠస్థం చేయగలడు, అర్థం చేసుకోలేడు. బీజగణితానికి పేరు తెచ్చిన అల్ ఖ్వారిజ్మీ తన గ్రంథంలో పెద్ద భాగాన్ని వారసత్వ లెక్కలకే కేటాయించాడు.

ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో వైద్యాన్ని, గణితాన్ని ఫర్జె కిఫాయాగా పేర్కొన్నారు. సమాజంలో ఆ విద్య తెలిసినవారు తగినంతమంది లేకపోతే పాపభారం అందరిపైనా పడుతుందన్నమాట. అందరూ ఫిఖ్‌హ్ వైపే ఎగబడుతుంటే వైద్యం నేర్చేవారు లేకుండా పోతున్నారని ఆయన తొమ్మిది శతాబ్దాల క్రితమే ఆవేదన చెందారు. ఆయన ఈనాడు పటాన్‌చెరు వస్తే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు.

ఇక మన కాలపు ఉదాహరణ. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. సంప్రదాయ ధర్మవిద్యలోనే పెరిగారు. 1951లో ఖరగ్‌పూర్‌లో దేశపు మొదటి ఐఐటీని ప్రారంభించినది ఆయనే. మన హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతిక, రసాయన శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. అందుకోసమే ప్రత్యేకంగా అనువాద సంస్థను నెలకొల్పారు. విజ్ఞానశాస్త్రం మన భాషకు గాని, మన విశ్వాసానికి గాని పరాయిది కాదనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కరలేదు.

అందుచేత మేము కోరేదేమిటంటే: సంగారెడ్డి-పటాన్‌చెరు ప్రాంతంలో విజ్ఞానశాస్త్రానికి ప్రాధాన్యమిచ్చే ప్రభుత్వ గురుకుల పాఠశాల ఒకటి కావాలి. ఫీజు లేనిది, ఐదో తరగతి నుండి ఇంటర్ వరకు ఒకే చోట సాగేది, కార్మికుల పిల్లలకు మొదటి స్థానమిచ్చేది. ఇది గాలిలో మేడ కాదు. గురుకుల విద్యకు మన రాష్ట్రంలో 1971లోనే సర్వేలు గ్రామంలో పునాది పడింది. మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై 204కు చేరాయి. బాలికలకు వేరుగా, బాలురకు వేరుగా నడుస్తున్నాయి. వాటిలో నాలుగింట మూడు వంతుల సీట్లు మైనారిటీలవి, మిగిలినవి ఇతర వర్గాల పిల్లలవి. మనకు దూరం కాని గౌలిదొడ్డిలోని సాంఘిక సంక్షేమ గురుకులం నుండి కూలీల బిడ్డలు ఐఐటీలకు, వైద్య కళాశాలలకు వెళుతున్నారు. పేద పిల్లల బుద్ధికి కొరత లేదని, కొరత ఉన్నది ప్రయోగశాలకూ ఉపాధ్యాయులకూ అని అది నిరూపించింది.

"ఉన్న గురుకులాలనే బాగుచేయవచ్చు కదా?" అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే. ఎన్నో గురుకులాలు అద్దె భవనాలలో ఇరుకుగా నడుస్తున్నాయి. కొత్త పేరు, కొత్త బోర్డు మాకు ముఖ్యం కాదు. ఉన్నవాటిలో ఒకదాన్ని ఎంచుకొని సొంత భవనం, పూర్తిస్థాయి ప్రయోగశాల, శాశ్వత గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఇచ్చినా మా కోరిక నెరవేరినట్టే. నిధులు ఎక్కడివంటే, 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అందులో విద్య ఉంది, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలన్న మాట కూడా ఉంది. మన గాలిని, నీటిని వాడుకున్నవారి నుండి మన పిల్లలకు ఒక ప్రయోగశాల అడగడం భిక్ష కాదు.

ఆ పాఠశాలలో రెండు ఏర్పాట్లు తప్పనిసరి. హిఫ్జ్ పూర్తిచేసి వచ్చే పిల్లలకు ఒక సంవత్సరం వారధి తరగతి ఉండాలి. ముప్పై పారాలు కంఠస్థం చేసిన మెదడు ఆవర్తన పట్టికకు భయపడదు. ఆ పిల్లవాడికి కావలసినది కొంత గణితం, కొంత ఇంగ్లీషు, కొంత సమయం. రెండవది, పారిశ్రామిక భద్రతను పాఠంగా బోధించాలి. ఈ నేలపై పెరిగే ప్రతి బిడ్డకూ డ్రమ్ముపై ఉండే గుర్తుల అర్థం తెలిసి ఉండాలి.

తల్లుల భయం మాకు తెలుసు. హాస్టల్‌కు పంపితే నమాజు విడిచిపెడతారేమో, దీన్‌కు దూరమవుతారేమో అని. ఈ భయాన్ని తేలికగా తీసుకోకూడదు. దానికి జవాబు ఇవ్వవలసినది మదర్సా ఉపాధ్యాయులమైన మేమే. సెలవు రోజుల్లో మేము ఆ పిల్లల వద్దకు వెళ్ళాలి, పాఠశాల అనుమతితో ధర్మబోధ చేయాలి, ఇంటికి వచ్చినప్పుడు వారి దౌర్ వినాలి. మరొక మాట. బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు పదిమందికి చొప్పున రాయడం, చదవడం నేర్పితే అదే వారి విముక్తి పరిహారంగా దైవప్రవక్త (స) అంగీకరించారు. వారు నిన్నటిదాకా కత్తి పట్టి ఎదుట నిలిచినవారు. వారి వద్ద అక్షరం నేర్చుకోవడానికి మదీనా వెనుకాడలేదు. సౌమ్యులైన మన ఉపాధ్యాయుల వద్ద రసాయనశాస్త్రం నేర్చుకోవడానికి మనం వెనుకాడటంలో అర్థం లేదు.

మా విద్యార్థి చేతికి కట్టు విప్పారు. మచ్చ మిగిలింది. అతడు ఇప్పుడు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతికి చదువుతున్నాడు. షిఫ్టు లేని రోజుల్లో ఇషా తరువాత మా వద్దకు వస్తాడు. ఉర్దూలో మేము చెప్పగలిగినంత చెబుతాము. మాకు తెలియనిచోట పక్కవీధిలోని ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుని ఇంటికి ఇద్దరమూ కలిసి వెళతాము. యాభై దాటిన వయసులో ఆమ్లాలు, క్షారాల పాఠం ముందు కూర్చోవడానికి మొదట కొంత సిగ్గుపడ్డాము. తొలి వహీ చదవమన్న ఆజ్ఞతోనే మొదలైందని గుర్తుకు వచ్చాక ఆ సిగ్గు పోయింది.

మొన్న ఆ కుర్రవాని తండ్రి మస్జిద్‌లో కనిపించి, చిన్నకొడుకు గురించి అడిగాడు. "మౌల్వీసాబ్, వీడిదీ హిఫ్జ్ అయిపోవస్తోంది. తరువాత ఏం చేయమంటారు?"

పన్నెండేళ్ళ క్రితం నాటి ప్రశ్నే. ఈసారి మేము అతన్ని కూర్చోబెట్టి గురుకుల ప్రవేశ దరఖాస్తు గురించి వివరించాము. అయితే అతని ఇంటికి దగ్గరలో, మేము పైన చెప్పిన పాఠశాల ఇంకా లేదు. అది వచ్చేవరకు అడగడం మన వంతు. ప్రజాప్రతినిధులను అడుగుదాం, జిల్లా అధికారులను అడుగుదాం, కర్మాగారాల యాజమాన్యాలను అడుగుదాం. అన్నింటికంటే ముందు, జ్ఞానాన్ని పెంపొందించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆ దుఆను ఆయనే తన ప్రవక్తకు నేర్పాడు. మన సంతానానికి ఇహంలోనూ పరంలోనూ మేలుచేసే విద్యను ఆయన ప్రసాదించుగాక. ఆమీన్.