నుదుటిమీది కత్తిగాటు

కత్తివేటు పడి మానినట్లుండే ఒక గాడి. నుదుటి నడిమికి కొంచెం ప్రక్కగా మొదలై జుట్టులోనికి ప్రాకుతుంది. అది సాగినంత మేర వెంట్రుకలు రాలిపోతాయి. కొందరిలో క్రిందికి కనుబొమ, ముక్కు, పెదవి వరకు దిగుతుంది. ఫ్రెంచి వైద్యులు దీనికి కత్తిదెబ్బ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఇది లీనియర్ స్క్లీరోడెర్మా అనే వ్యాధికి ముఖముపై కనిపించే రూపము. శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి స్వంత కణజాలముపైనే దాడి చేయగా, చర్మములో కొల్లాజెన్ అనే పీచుపదార్థము మితిమీరి పేరుకొని, చర్మము బిరుసెక్కుతుంది. పిమ్మట పలుచబడి లోనికి క్రుంగుతుంది. ఎక్కువగా బాల్యములోనే పొడచూపుతుంది. ఇది అంటువ్యాధి కాదు.

ఉద్యోగ విరమణ తరువాత రోలుగుంటలో మా ఇంటి అరుగు మీదికి ఒక ముసలమ్మ తొమ్మిదేళ్ళ మనుమరాలిని తీసుకొని వచ్చింది. "పేనుకొరుకుడేనండి బాబూ, గురివింద గింజ అరగదీసి రాస్తన్నాం" అన్నది. (గురివింద గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషము ఉన్నది. పిల్లల తలకు దానిని రాయడము నాకు ఏనాడూ రుచించలేదు.) పేనుకొరుకుడులో చర్మము నున్నగా, మెత్తగా ఉంటుంది. ఈ పిల్ల నుదుట ఎడమ ప్రక్కన చర్మము దంతమువలె తెల్లబడి గట్టిగా తగిలింది. చుట్టూ లేత ఊదారంగు అంచు ఉన్నది. బొల్లిలో రంగు పోతుంది గాని చర్మము గట్టిపడదు. దూదిపోగు తాకిస్తే స్పర్శ బాగానే తెలిసింది గనుక కుష్ఠు అనే అనుమానమూ తగ్గింది.

లేచి వెళ్ళబోతూ ముసలమ్మ మరొక మాట చెప్పింది. పిల్ల అప్పుడప్పుడు కుడిచేయి కొట్టుకొని కాసేపు పలకకుండా ఉండిపోతుందట. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆ రెండింటికీ సంబంధము ఉండవచ్చునని ఆ ఇంటిలో ఎవరికీ తోచలేదు. మెదడు ఎడమభాగము కుడిచేతిని నడుపుతుంది. గాడి ఎడమ ప్రక్కనే ఉన్నది.

ఈ వ్యాధిలో చర్మము క్రింది మెదడుకు కూడా తాపము కలుగవచ్చు. ఎమ్మారై చిత్రములలో మార్పులు చాలవరకు గాడి ఉన్న ప్రక్కనే అగుపిస్తాయి; కొందరిలో సున్నము పేరుకొంటుంది. మూర్ఛలు, తలనొప్పి, అరుదుగా ఒక ప్రక్క బలహీనత కలుగుతాయి. ఇవి చర్మములో మార్పులకు ముందుగానూ రావచ్చు, ఏళ్ళ తరువాతనూ రావచ్చు. కంటిలోని తాపము నొప్పి లేకుండా కూడా ఉండవచ్చు గనుక నేత్రవైద్యుని పరీక్ష తప్పనిసరి. ముఖములో ఒక సగము క్రొవ్వు, కండర, ఒక్కొక్కప్పుడు ఎముక కూడా క్షీణించే వ్యాధిని 1825లో ప్యారీ, 1846లో రాంబర్గ్ వర్ణించారు. పెక్కుమంది వైద్యులు దానిని దీనికి దగ్గర చుట్టముగా ఎంచుతారు. ఇద్దరూ ఒకే ముఖములో కలిసి ఉండడము కూడా కద్దు.

ఆ పిల్లను నర్సీపట్నము మీదుగా విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుతూ ఉత్తరములో రెండు సంగతులను ఒకే వాక్యములో వ్రాశాను. చర్మవైద్యుడు చర్మమును, నరాల వైద్యుడు మూర్ఛను విడివిడిగా చూస్తారు. వాటిని కలిపి చెప్పవలసిన భారము రోగి బంధువులపై పడుతుంది. మన పెద్దాసుపత్రుల ఏర్పాటే అట్టిది.

ఊదారంగు అంచు ఉన్నదంటే వ్యాధి ఇంకా చురుకుగా ఉన్నదన్నమాట. మందులు పనిచేసేది అప్పుడే. క్రుంగిపోయిన చోటును అవి తిరిగి పూరించలేవు. సాధారణముగా మెథోట్రెక్సేట్, తొలి నెలలలో దానితోపాటు కార్టికోస్టీరాయిడ్లు ఇస్తారు. మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్క దినము మాత్రమే వాడే మందు. పొరపాటున దినదినము మ్రింగితే ప్రాణాపాయము. రక్తకణములు, కాలేయము పనితీరు పరీక్షలు చేయిస్తూ ఉండాలి. స్టీరాయిడ్లను తమంతట తాము హఠాత్తుగా మానరాదు. మూర్ఛలకు మందులు వేరు. వ్యాధి సద్దుమణిగి కొంతకాలము నిలకడగా ఉన్నాక, పొట్టనుంచి తీసిన క్రొవ్వును గాడిలోనికి ఎక్కించి ముఖమును సరిదిద్దుతారు. ఆ తరువాత కూడా వ్యాధి తిరగబెట్టవచ్చును గనుక నెలకొకసారి ఒకే వెలుతురులో ముఖమును ఫొటో తీసి ఉంచుకొమ్మని ఆ ముసలమ్మకు చెప్పాను. ఆమె కొడుకు ఫోనులో అవి వరుసగా ఉన్నాయి.