కాకా రాసిన అంకె

సూరత్‌కు చేరువలో, తాపీ నది సముద్రంలో కలిసే హజీరా ప్రాంతంలో మేము ఉద్యోగజీవితం ప్రారంభించి 30 ఏళ్లు కావస్తున్నది. అరేబియా సముద్రంలోని బసీన్ క్షేత్రపు సహజవాయువు అక్కడే ఒడ్డుకు చేరుతుంది. హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ గొట్టపుమార్గం అక్కడే మొదలవుతుంది. చేతిలో కొత్త పట్టా, మనసులో కాస్త గర్వం ఉన్న రోజులవి.

ఒకనాడు 70 బార్ పీడనంలో, 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక పాత్రలో ఉన్న వాయువును నెమ్మదిగా బయటకు వదిలి, అల్పపీడనపు మీటరుతో కొలిపించాము. పీడనం ఎన్ని రెట్లు పెరిగితే ఘనపరిమాణం అన్ని రెట్లు తగ్గుతుందన్న బాయిల్ సూత్రంతో ముందే లెక్క కట్టి ఉంచాము. మీటరు అంతకన్నా సుమారు ఎనిమిదో వంతు ఎక్కువ చూపింది. ఆ అంకె నమోదు చేసినవారు, అందరూ ‘కాకా’ అని పిలిచే వృద్ధ గుజరాతీ ఆపరేటరు. దాని పక్కన ఎర్ర సిరాతో ‘సందేహాస్పదం’ అని రాశాము.

“మీటరు చూపినదే రాశాను, సాబ్” అని మాత్రం అన్నారాయన.

ఆ రాత్రి పాఠ్యపుస్తకం తిరగేయగా తప్పు మాదేనని తేలింది. అణువులకు పరిమాణమూ, పరస్పరాకర్షణా ఉన్నాయని వాన్ డర్ వాల్స్ 1873లోనే వివరించారు. ఆ పీడనంలో మీథేన్ అణువుల ఆకర్షణదే పైచేయి. సంపీడ్యతా గుణకం 1 కాదు, సుమారు 0.89. అందుచేత అదే పాత్రలో మరింత వాయువు ఇముడుతుంది.

అణువులు ఎంత దగ్గరయ్యాయో విద్యుత్తు కూడా చెప్పగలదు. కెపాసిటరు పలకల నడుమ మీథేన్‌ను నింపితే, దాని రోధక స్థిరాంకం వాతావరణ పీడనంలో సుమారు 1.0008, 70 బార్ వద్ద సుమారు 1.06. ఈ స్థిరాంకానికీ సాంద్రతకూ గల సంబంధాన్ని మొసొట్టి 1850లో, క్లాసియస్ 1879లో సూత్రీకరించారు. ఘనపరిమాణం చెప్పిన మాటకు ఇది రెండవ సాక్ష్యం.

మర్నాడు మా రాతను మేమే కొట్టివేసి, సరిచేసిన లెక్క కింద సంతకం చేశాము. కాకా ఆ పుట చూసి, “చాయ్ తాగుదాం రా, బేటా” అన్నారు.

కొత్తగా చేరే ఇంజనీర్లకు నేటికీ మేము చెప్పేది ఒక్కటే: అంకె కుదరనప్పుడు, రాసినవారిని శంకించే ముందు మన సూత్రాన్ని సరిచూసుకోవాలి.