సర్వరుకి దిష్టి తగిలిందట!

కంప్యూటరు తెరమీద ఏదో ఒక తప్పు చూపించి ఆగిపోతే ఎవరికీ భయం వెయ్యదు. ఆ ముక్క కాగితం మీద రాసుకుని తెలిసినవాణ్ణి పిలుస్తాం. ఏమీ చెప్పకుండా ఆగిపోతేనే చిక్కు. తెర నల్లగా ఉంటుంది, మౌస్ కదలదు, ఏ కీ నొక్కినా పలకదు. బటన్ నొక్కి ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. లాగ్ ఫైలు తెరిస్తే అందులో ఒక్క ముక్క ఉండదు. కారణం కనబడని చోట మనవాళ్లు ఎంత తొందరగా ఒక కారణాన్ని తయారుచేస్తారో ఆమధ్య బస్తర్‌లో దగ్గరుండి చూశాను.

జగదల్‌పూర్‌లో మా అల్లుడు పనిచేసే చిన్న ఆస్పత్రి ఒకటుంది. పేరు అనవసరం. రోగుల చీటీలు, మందుల స్టాకు, బిల్లులు అన్నీ ఒకే సర్వరులో ఉంటాయి. అది నాలుగైదు రోజులకోసారి బిగుసుకుపోయేది. ఆ పొద్దున వరండాలో జనం కూర్చునే ఉంటారు. ఎక్కడో అడవి దారిన నడిచి, బస్సెక్కి వచ్చిన మనిషి కిందటిసారి ఏ మందు వాడాడో డాక్టరుకి తెలియదు, ఆ మనిషికీ తెలియదు.

ఇంతవరకూ యంత్రం గొడవే. కాని కంప్యూటరు గదిలో కొత్తగా చేరిన ఒక ఆదివాసీ అమ్మాయి ఉంది. పొద్దున్నే గది తాళం తీసేది ఆమే. కనుక సర్వరు బిగుసుకుందని అందరికంటే ముందు చూసేదీ, చెప్పేదీ ఆమే. "ఈ పిల్ల వచ్చిన దగ్గర్నుంచే" అని మొదలైంది. మొదట దిష్టి అన్నారు. తర్వాత ఎవరో గొంతు తగ్గించి "టోన్హీ" అన్నారు.

ఆ మాట తేలికైనది కాదు. టోన్హీ అంటే చేతబడి చేసే ఆడది అని అర్థం. ఆ ముద్ర వేసి ఆడవాళ్లని కొట్టడం, ఊళ్లోంచి తరమడం, చంపడం జరగబట్టే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో దాని మీద ప్రత్యేకంగా చట్టం చేసింది. ఫలానా ఆమె టోన్హీ అని వేలు చూపించడమే నేరం, 3 ఏళ్ల వరకు జైలు. ఆ పేరుతో హింసిస్తే 5 ఏళ్ల వరకు. రాయపూర్‌లో కంటి వైద్యులు డాక్టర్ దినేశ్ మిశ్రా ఏళ్ల తరబడి ఈ విషయం మీదే ఊరూరా తిరిగి చెబుతున్నారు. అడవిలో ఉన్నవాళ్లకే మూఢనమ్మకాలు అనుకునే మిత్రులు ఒకటి గమనించాలి. ఇక్కడ ఆ మాట అన్నవాళ్లు పట్నంవాళ్లు, డిగ్రీలున్నవాళ్లు. పడ్డది అడవి పిల్ల.

ఆమెని చీటీల కిటికీ దగ్గరికి మార్చారు. ఫైల్లో "కంప్యూటరు పనికి తగదు" అని ఒక వాక్యం రాశారు. పంతులుగారిని పిలిపించి పూజ చేయించి, సర్వరు బీరువాకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. తొమ్మిది రోజులు ఏ ఇబ్బందీ లేదు. "చూశారా బాబుగారూ!" అన్నారు మేనేజరుగారు. ఆయన మనవైపు మనిషే. పదో రోజు రాత్రి మళ్లీ బిగుసుకుంది. అప్పుడు పూజలో ఏదో లోపం జరిగిందన్నారు! (లోపం ఎప్పుడూ పూజలోనే ఉంటుంది, పూజ చెయ్యాలన్న ఆలోచనలో ఉండదు.)

నేను బీకాం వాణ్ణి. రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సర్వరు లోపల ఏముంటుందో నాకు తెలియదు. ట్రయల్ బాలెన్సు కలవకపోతే ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. తేడాని సస్పెన్సు ఖాతాలో వేస్తాం. అంటే 'ఇంకా తెలియలేదు' అని రాతపూర్వకంగా ఒప్పుకుని వోచరు కోసం వెతుకుతాం. అంతేగాని ఎదురుగా కూర్చున్న గుమాస్తా పేర ఖర్చు రాసెయ్యం.

అక్కడ నెట్‌వర్కు చూసే కుర్రాడు కోంటా వైపువాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. లాగ్‌లో ఏమీ ఎందుకు ఉండదని అడిగాను. "రాయాల్సింది కూడా ఆ మెషీనే కదండీ తాతగారూ" అన్నాడు. నిజమే. కళ్లు తిరిగి పడిపోయిన కేషియరు 'నేను పడిపోయాను' అని క్యాష్‌బుక్కులో రాయడు. అందుకని నిమిషానికోసారి టైము రాసే చిన్న ప్రోగ్రాం పెట్టాడు. ఆఖరి గీత ఎక్కడ ఆగితే అదే బిగుసుకున్న నిమిషం. ప్రాణం పోయేముందు యంత్రం ఏమైనా అంటే వేరే కంప్యూటరుకి చేరేలా నెట్‌కన్సోల్ కూడా పెట్టాడు. దానికీ ఒక్క మాట రాలేదు. నేను మామూలు రిజిస్టరు ఒకటి తెరిచాను. తేదీ, గంట, కరెంటు, జనరేటరు, గదిలో ఎవరున్నారు, ఏ పని జరుగుతోంది. బిగుసుకోని రోజులు కూడా రాయాలని పట్టుబట్టాను. అవి లేకపోతే దేనితో పోల్చి చూస్తాం?

పదకొండుసార్లు బిగుసుకుంది. తొమ్మిదిసార్లు రాత్రిళ్లు, ఆదివారాలు. రెండుసార్లు మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ అమ్మాయి తాళం తీసేసరికే అది బిగుసుకుని గంటలు గడిచి ఉండేది! ఆమెని మార్చాక కూడా ఏమీ మారలేదు. యూపీఎస్ సరిగానే ఉంది, ఎర్తింగు సరిగానే ఉంది. రెండు రాత్రులు మెమరీ పరీక్ష పెడితే అందులోనూ తప్పు దొరకలేదు. కాని ఆ రెండు రాత్రులూ యంత్రం బిగుసుకోలేదు. పూజ తర్వాత తొమ్మిది రోజుల సంగతి అడిగితే, ఆ రోజుల్లో పాత రికార్డులు స్కాన్ చేసి రాత్రీ పగలూ, ఆదివారంతో సహా, ఎక్కించారట. అంటే పని ఉన్నంతసేపూ బాగుంది, ఊరికే ఉంటే పోతోంది.

కుర్రాడికి అక్కడ వెలిగింది. ఈకాలపు ప్రాసెసర్లు పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం నిద్రపోతాయి. సీ1 కునుకు లాంటిది, సీ6 గాఢనిద్ర. కొన్ని గాఢనిద్రలోంచి సరిగా లేవలేవు. 2013లో వచ్చిన ఇంటెల్ బే ట్రెయిల్ చిప్పులు లినక్స్ మీద ఇలాగే మాటా పలుకూ లేకుండా బిగుసుకునేవి. గాఢనిద్ర రాకుండా కట్టడి చేస్తే నడిచేవని వాడేవాళ్లే కనిపెట్టారు. మాది వేరే తయారీ, కాని లక్షణం అదే. బయోస్‌లో ఆ ఒక్క సెట్టింగు మార్చాం. వేరే ఏదీ ముట్టుకోలేదు.

వారం గడవగానే మేనేజరుగారు సంతోషించారు. నేను ఒప్పుకోలేదు. పూజకే తొమ్మిది రోజులు దక్కాయి కదా! నలభై అయిదు రోజులు చూశాం, ఒక్కసారీ బిగుసుకోలేదు. అప్పుడు సెట్టింగు వెనక్కి పెట్టమన్నాను. "బాగున్నదాన్ని చేతులారా చెడగొడతారా?" అని ఆయనకి కోపం వచ్చింది. నిమ్మకాయ బిగుసుకున్నప్పుడూ వేలాడింది, బిగుసుకోనప్పుడూ వేలాడింది, సెట్టింగు సంగతి కూడా అలా తేల్చాలి కదా అన్నాను. డేటా అంతా కాపీ తీసుకుని శనివారం సాయంత్రం మార్చాం. సోమవారం తెల్లవారకముందే బిగుసుకుంది. మళ్లీ సరిచేశాం. నేను తిరిగొచ్చి అయిదు నెలలైంది, ఇంతవరకు ఆగలేదని కుర్రాడు ఫోనులో చెప్పాడు.

ఆ అమ్మాయికి పాత కుర్చీ ఇచ్చారు. "ఇచ్చేశాం కదండీ, ఇంకా కాగితం ఎందుకు?" అన్నారు మేనేజరుగారు. ఫైల్లో ఆ వాక్యం అలాగే ఉందని చూపించాను. రేపు ఈయన మారిపోతారు, నేనూ ఉండను. ఇంక్రిమెంటు వేళ ఆ వాక్యం ఒక్కటే మాట్లాడుతుంది. కొట్టేస్తానన్నారు. లెక్కల్లో కొట్టివేతలు, గీకుళ్లు పనికిరావు, కింద రివర్సు ఎంట్రీ రాయాలన్నాను. చివరికి రాశారు. పై వ్యాఖ్య రద్దు, అంతరాయానికి కారణం యంత్రంలోని విద్యుత్ సెట్టింగు, సిబ్బందితో సంబంధం లేదు. కింద సంతకం, తేదీ.

ఆమె దాన్ని రెండుసార్లు చదివి జిరాక్సు కావాలని అడిగింది. రెండు తీయించి ఇచ్చాం.