మిగిలిన ఒక్క ఫ్రేము

ఈ ఏటి సంచికకు పాత విద్యార్థిగా నాలుగు మాటలు రాయమని సంఘం మిత్రులు అడిగారు. కాలేజీ రోజులనగానే అందరికీ ఎన్నికలూ, నాటకాలూ గుర్తుకొస్తాయి. నాకు మాత్రం నేనాడిన ఒక అబద్ధం గుర్తుకొస్తుంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సర్కారు లెక్కల్లోనే చనిపోయినవారు 10 వేల దాకా ఉన్నారు. మేం ప్రొద్దుటూరులో ఇల్లిల్లూ తిరిగి బియ్యం, చీరలు, దుప్పట్లు పోగుచేసి లారీకెత్తాం. ఫొటోలు తీసుకొస్తే ఇంకా చందాలొస్తాయని స్టూడియో ఆయన తన ఆగ్ఫా క్లిక్-3 కెమెరా, రెండు నలుపు తెలుపు రీళ్లు నా చేతికిచ్చాడు. రీలుకు 12 చొప్పున మొత్తం 24 బొమ్మలు. "లెక్కపెట్టుకోని నొక్కు అబ్బీ" అన్నాడు.

బెజవాడ దాటి, చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా నాగాయలంక వైపు పోయాం. పెన్నలో ఇసుక తప్ప నీళ్లు పెద్దగా ఎరగని కళ్లు మావి. కూలిన కొబ్బరిచెట్లు, ఉబ్బిన పశువుల కళేబరాలు, ఊరుండిన చోట ఉత్త మట్టిదిబ్బలు. నొక్కుతూ పోయాను. సొర్లగొంది చేరేసరికి కెమెరా వెనక ఎర్రగాజులో 12 అంకె కనబడుతోంది. అంటే ఇంకొక్కటే!

అప్పుడు ఒక పెద్దాయన ఆరేళ్ల పిల్లను చెయ్యిపట్టుకుని వచ్చాడు. "బాబూ, దీన్నొక్కటి తీయండి. పోయినోళ్ల మొహాలు చూసుకుందామంటే ఇంట్లో కాయితం ముక్క కూడా మిగల్లేదు. దీనిదన్నా ఉంటది."

ఏదైనా గొప్ప దృశ్యం కోసం ఆ ఒక్కటీ దాచుకున్నాను. "రీలు అయిపోయింది పెద్దాయనా" అన్నాను. "పోన్లెండి బాబూ" అని పిల్లను తీసుకుని వెళ్లిపోయాడు. ఫర్లాంగు దూరంలో, వరిచేను నడిమధ్య బోల్తాపడిన పడవ దొరికింది. నొక్కేశాను.

స్టూడియో చీకటిగదిలో, ఎర్రబల్బు వెలుతురులో, ట్రేలోని కాగితం మీద ఆ పడవ మెల్లమెల్లగా పైకి తేలింది. "ఇది పేపర్లో పడాల్సిన బొమ్మ" అని స్టూడియో ఆయన నా భుజం తట్టాడు.

ఫొటోలను తాడుకు కట్టి మూడు ఊళ్లలో చూపించాం. ప్రొద్దుటూరులో జనం పడవ ముందర గుంపుకట్టారు. జమ్మలమడుగులో ఒక రైతు ఒండ్రు ఎండి పగిలిన నేల ఫొటో చూసి, "ఇది మా చేనే గదప్పా" అన్నాడు. నలుపు తెలుపుల్లో నీళ్లెక్కువై చచ్చిన నేలా, నీళ్లులేక చచ్చిన నేలా ఒకటే రంగు. పులివెందులలో ఒక ముసలమ్మ పడవ దగ్గర చాలాసేపు నిలబడింది. "పడవను బాగా చూపిస్తాండావు నాయనా. మనుషులేరి?" అనింది. కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల డబ్బాలో వేసి పోయింది. నాకు నోట మాట రాలేదు.

ఆ ఫొటోల పుణ్యమా అని ఇంకో లారీకి సరిపడా సాయం పోగయింది, నిజమే. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

సరిగ్గా అదే తేదీన, 2021 నవంబరు 19న, రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. నాలుగు రోజులాగి పిల్లలతో కలిసి పులపత్తూరు పోయాను. ఒకామె ట్రంకుపెట్టెలోని పాత ఫొటోలు బురదలో ఒకదానికొకటి అంటుకుపోతే ఊడబెరకబోతోంది. "ఆగమ్మా" అన్నాను. చీకటిగదిలో నేర్చుకున్న విద్య అప్పుడు పనికొచ్చింది. ఫొటో కాగితం మీదుండేది జిగురుపొర. పొడిగా లాగితే బొమ్మ ఊడొస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి, ఒక్కొక్కటే విడదీసి, దండేనికి తగిలించాం. తొమ్మిది నిలిచాయి. ఒకదాంట్లో లంగా వేసుకున్న చిన్నపిల్ల. "మా యమ్మ సార్, చిన్నప్పటిది" అని ఆమె కళ్లు తుడుచుకుంది.

నా జేబులో ఫోనుంది. ఎన్ని ఫొటోలైనా తీయొచ్చు. ఒక్కటీ తీయలేదు.

సొర్లగొంది పిల్ల ఉంటే ఇప్పటికి యాభై దాటి ఉంటుంది. పడవ బొమ్మ మాత్రం నా దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.