రాజమండ్రి నుంచి మాజులి దాకా

దిబ్రూగఢ్‌కీ కన్యాకుమారికీ మధ్య తిరిగే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచే రైలు. నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. వివేకానందుడి 150వ జయంతి పేరు మీద 2011లో మొదలుపెట్టారు. అది మా రాజమండ్రి మీదుగానే పోతుంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ప్లాట్‌ఫాం మీద నిలబడి పెట్టెల మీద ‘దిబ్రూగఢ్’ అన్న బోర్డు చదువుకుంటూ, ఆ చివర ఏముంటుందో చూడాలని గట్టిగా అనుకునేదాన్ని. చదువవగానే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. సెలవు పెట్టి అంత దూరం వెళ్లడం కుదిరే పని కాదు. నిరుడు మా ప్రాజెక్టు ముగిసింది. కొన్నాళ్లు పని ఇవ్వకుండా బెంచి మీద ఉంచి, ఆ తర్వాత మమ్మల్ని చాలామందిని మానేయమన్నారు.

రూము ఖాళీ చేసి ఇంటికొచ్చేసరికి నాన్న దగ్గర రెండు దారులున్నాయి. వెంటనే ఇంకో ఉద్యోగం, లేదా సంబంధాలు. నేను మూడో మాట చెప్పాను. నా పేరు మీద పోస్టాఫీసులో ఆర్డీ డబ్బులున్నాయి, అస్సాం వెళ్లొస్తాను, వచ్చాక ఉద్యోగం వెతుక్కుంటాను అని. నాన్న మాట్లాడలేదు. గొడవ తీర్చింది అమ్మమ్మ. ఆవిడది ద్రాక్షారామం పక్క ఊరు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన అక్కడి మాణిక్యాంబ మా ఇంటి దేవతలాంటిది. “వెళ్లనీ బాబూ. కామాఖ్య అమ్మవారి కుంకం తెస్తుంది. నేనెలాగూ చూళ్లేను కదా” అంది. అత్తగారి మాటకు నాన్న ఎదురు చెప్పరు. దసరా వెళ్లిన వారానికి వీపున సంచి తగిలించుకుని రాజమండ్రిలో స్లీపర్ పెట్టె ఎక్కాను.

ఒడిశా దాటి, బెంగాల్లో మాల్దా, న్యూ జల్పాయ్‌గురి దాటి గువాహటి చేరేదాకా ఆ పెట్టెలో నాకు కనిపించినవాళ్లలో ఎక్కువమంది కేరళ, తమిళనాడుల్లో కూలికి పోయి ఇంటికి తిరిగి వెళ్తున్న కుర్రాళ్లే. చూడ్డానికి ఊళ్లు తిరిగేది నేనొక్కదాన్నే. ఒక్కదానివే వెళ్తున్నావా అని అడిగినవాళ్లున్నారు గానీ, ఎవరూ ఇబ్బంది పెట్టలేదు. పై బెర్తు ముందే తీసుకోవడం, సంచికి గొలుసు వేసుకోవడం, రోజుకు రెండుసార్లు ఇంటికి ఫోన్ చెయ్యడం నేను పెట్టుకున్న నియమాలు.

కామాఖ్య గుడి నీలాచలం కొండ మీద ఉంది. ఇప్పుడున్న కట్టడాన్ని 1565లో కోచ్ రాజు నరనారాయణుడి కాలంలో తిరిగి నిలబెట్టారు. గర్భగుడిలో విగ్రహం ఉండదు. మెట్లు దిగి చీకట్లోకి వెళ్తే, ఊటనీరు ఊరే రాతి చీలిక. అదే అమ్మవారి యోని. ఆషాఢంలో అంబుబాచి రోజుల్లో అమ్మవారు బహిష్టు అయిందని మూడు రోజులు తలుపులు మూస్తారు. ఆ మూడు రోజులూ నాగలి పట్టరు. తలుపులు తెరిచాక ఎర్రగుడ్డ ముక్కను ప్రసాదంగా తీసుకోవడానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. బహిష్టు రోజుల్లో దేవుడి గది గడప తొక్కకుండా పెరిగినదాన్ని. ఆ చల్లటి నీళ్లు ముట్టుకున్నప్పుడు ఒళ్లు ఝల్లుమంది. సిగ్గుపడమని నాకు చిన్నప్పటి నుంచీ నేర్పినదాన్ని ఇక్కడ నేల సారానికి గుర్తుగా మొక్కుతున్నారు. అమ్మమ్మకు ఫోన్‌లో ఇదంతా చెబితే కాసేపు ఊరుకుని, “ఎర్రగుడ్డ దొరికితే అదీ తే” అంది.

గువాహటి నుంచి షిల్లాంగ్ వంద కిలోమీటర్లు. షేర్ సుమోల్లో పోతారు. దారిలో ఉమియం జలాశయం, తర్వాత పైన్ చెట్లు, చలి. షిల్లాంగ్‌లో నాకు బాగా నచ్చింది బరా బజార్. అక్కడి ఖాసీ తెగవాళ్లు దాన్ని ఇయెవ్‌దూ అంటారు. కొండవాలు మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న సందుల్లో తమలపాకులు, పోకలు, ఎండుచేపలు, అల్లం, నారింజలు అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. గళ్ల గుడ్డ భుజం మీద ముడి వేసుకుని, నోట్ల కట్ట నడుముకు దోపుకుని, బేరం తెగ్గొట్టి చెప్పే ఆడవాళ్లు. పెద్దవాళ్లను కాంగ్ అని పిలవాలి. ఒక కాంగ్ టీకొట్లో జాడో తిన్నాను. మాంసంతో వండిన అన్నం. తిన్నాక తమలపాకు, పచ్చి పోకచెక్క పెట్టింది. ఖాసీల ఇంట్లో పిల్లలకు తల్లి వంశం పేరే వస్తుంది. తాతల నాటి ఇల్లు ఆఖరి కూతురికి పోతుంది, తల్లిదండ్రుల్ని చివరిదాకా చూసుకునేదీ ఆ అమ్మాయే. “మీ ఇల్లు ఎవరికి పోతుంది?” అని కాంగ్ నన్ను హిందీలో అడిగింది.

మన దగ్గర ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఆ సంగతి గర్వంగా చెప్పాను. మా అమ్మ తన వాటా వద్దని మావయ్యలకు సంతకం పెట్టిచ్చిన సంగతి కూడా చెప్పాను. కాంగ్ ఇంకో టీ పోసింది. ఖాసీ ఆడవాళ్లకు అన్నీ ఉన్నాయని కాదు. ఊరి పంచాయితీ లాంటి దర్బార్లలో మాట చెల్లేది పూర్వం నుంచీ మగవాళ్లకే, ఇంటి వ్యవహారాల్లో మేనమామ పెత్తనం ఉంటుంది. అయినా తన పేరున ఇల్లున్న మనిషి కూర్చునే తీరే వేరుగా ఉంది.

చిరపుంజిని అక్కడివాళ్లు సొహ్రా అంటారు. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా అక్కడ 26,461 మిల్లీమీటర్ల వాన కురిసింది. పన్నెండు నెలల్లో అంత వాన పడ్డ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. నేను వెళ్లేసరికి వానలు వెనక్కి తగ్గాయి. కొండ అంచున నిలబడితే కింద బంగ్లాదేశ్ మైదానం నీళ్లతో మెరుస్తోంది. అంత వాన కురిసే ఊళ్లో చలికాలం వచ్చిందంటే తాగునీళ్లకు కటకట. సున్నపురాయి నేల, చెట్లు కొట్టేసిన వాలు, పడ్డ నీరు పడ్డట్టే కిందికి పోతుంది.

అక్కడి నుంచి తిర్నా ఊరికి వెళ్లి, మూడు వేలకు పైగా మెట్లు దిగితే నోంగ్రియాట్. మోకాళ్లు వణికాయి గానీ వేళ్లవంతెన కనబడగానే ఆ బాధ గుర్తు రాలేదు. వాగుకు ఇరువైపులా పెరిగే రబ్బరు మర్రి ఊడల్ని బోలు చేసిన పోకమానులోంచి అవతలి ఒడ్డుకు నడిపిస్తారు. అవి నేలలో పాతుకుని, లావెక్కి, మనుషుల్ని మోసే బలం వచ్చేసరికి పదిహేనో ఇరవయ్యో ఏళ్లు పడుతుంది. నాటినవాడు నడుస్తాడన్న భరోసా లేదు. చెక్కవంతెన ఆ తడిలో కుళ్లిపోతుంది, ఈ వంతెన మాత్రం ఏటికేడూ గట్టిపడుతుంది. అక్కడిది రెండంతస్తుల వంతెన. ఆ రాత్రి ఊళ్లోనే పడుకున్నాను. మర్నాడు ఎక్కేటప్పుడు, వీపు మీద సిమెంటు బస్తా నుదుటి పట్టెడతో మోసుకుంటూ పోయే ఒకాయన నాకోసం రెండు మలుపుల దగ్గర ఆగాడు.

కార్తీక పున్నమికి మాజులి చేరాలని ముందే అనుకున్నాను. జోర్హాట్ దగ్గర నిమాతి ఘాట్‌లో ఫెర్రీ ఎక్కాలి. మోటారు సైకిళ్లు, కార్లు, కూరల బుట్టలు, మేకలు, మనుషులు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటుతూ పెరిగిన నాకు అది కొత్త కాదు. కొత్తది ఆ నీటి వెడల్పు. గంటసేపు పోయినా ఇసుక తిన్నెలే గానీ ఒడ్డు తెలియలేదు.

మాజులి బ్రహ్మపుత్ర మధ్యలోని లంక. 2016లో దాన్నే ఒక జిల్లా చేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పన్నెండు వందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. ఇప్పుడందులో సగం కూడా లేదు. 1950 ఆగస్టు 15న వచ్చిన పెద్ద భూకంపంతో కొండచరియల మట్టి నదిలోకి చేరి, అడుగు మెరక వేసి, ప్రవాహం ఒడ్లను తినడం పెరిగింది. మా గోదావరి లంకల్లో ఏటికోత అంటే ఏమిటో తెలుసు. నిన్న కొబ్బరి చెట్టున్న చోట ఇవాళ నీళ్లుంటాయి. అందుకే మాజులిలో నేనున్న ఇంటి మిసింగ్ తెగ పెద్దాయన చెయ్యి చాపి నది వైపు చూపించి, “మా పాత ఊరు అక్కడ” అన్నప్పుడు వివరం అడగాల్సిన పని లేకపోయింది. వాళ్లది గుంజల మీద నిలబెట్టిన వెదురిల్లు. వరదొస్తే నీళ్లు కిందనుంచి పోతాయి. నీళ్లు లేనప్పుడు ఆ కిందే మగ్గం. ఆయన కోడలు వంట ముగించి వచ్చి మగ్గం ముందు కూర్చునేది. నేసిన బట్ట అమ్మిన డబ్బు తనదే అని, బ్యాంకు పుస్తకం తెచ్చి మరీ చూపించింది.

పదిహేను, పదహారు శతాబ్దాల్లో శంకరదేవుడు, ఆయన శిష్యుడు మాధవదేవుడు నడిపిన వైష్ణవ ఉద్యమంలోంచి వచ్చినవే మాజులి సత్రాలు. మనవైపు సత్రమంటే బస. ఇక్కడ మఠం, బడి, రంగస్థలం అన్నీ కలిసిన చోటు. కమలాబారి, ఔనియాటి లాంటి సత్రాల్లో మగపిల్లలు చిన్నప్పుడే చేరి, బ్రహ్మచారులుగా పెరిగి, పాట, ఖోల్ వాద్యం, నాట్యం నేర్చుకుంటారు. ఆ నాట్యమే సత్రియ. 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యంగా గుర్తించింది. ఆడవేషాలూ వాళ్లే కడతారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామను తెలిసిన తెలుగువాళ్లకు ఇది వింతగా తోచదు. సామగురి సత్రంలో ముఖాలు చేస్తారు. వెదురు బద్దలల్లి, మట్టిలో ముంచిన గుడ్డ కప్పి, పైన మట్టీ పేడా మెత్తి, ఆరాక రంగులు వేస్తారు. ఆ విద్యకు అంకితమైన హేమచంద్ర గోస్వామికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మాజులి ముఖాలకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పున్నమి రాత్రి రాసలీల. మా ఊళ్లో అదే వేళకు అమ్మ గోదావరిలో దీపాలు వదులుతూ ఉంటుంది. ఇక్కడ ఊరు ఊరంతా చాపలేసుకుని కూర్చుంది. పూతన ముఖం దవడ ఆడిస్తూ వచ్చేసరికి పసిపిల్లలు కెవ్వుమన్నారు. తెల్లవారుజాము దాకా చూశాను. ఆ ఏడాది పోయిన ఉద్యోగం, తీరని ఈఎంఐలు, ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న ప్రశ్నలు ఏవీ ఆ రాత్రి నా దగ్గరకు రాలేదు. అంత నిండుగా నేను ఎప్పుడూ బతకలేదు.

తిరుగు ప్రయాణానికి మరియాని జంక్షన్లో అదే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఎదురు బెర్తులో మాజులి కుర్రాడు. వాళ్ల చేను నదిలో కలిసిపోయింది. కేరళలో పెరుంబావూర్ ప్లైవుడ్ ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. అన్నయ్య అప్పటికే అక్కడున్నాడట. “దీదీ, మీరెక్కడికి?” అన్నాడు. ఉద్యోగం వెతుక్కోవడానికి అన్నాను. “నేనూ అంతే” అన్నాడు. అప్పటిదాకా నా నిరుద్యోగం ఒక్కదాని కష్టమే అనుకున్నాను. ఆ పెట్టె నిండా పనికోసం పోయేవాళ్లే. తేడా ఒకటుంది. నేను వెళ్లిన దూరం నేను కోరుకున్నది, అతనిది నది నెట్టింది. ఆ తేడా ఎందుకొచ్చిందంటే నాకు చదువుంది, నా పేరున కాసిని డబ్బులున్నాయి. రాజమండ్రిలో దిగేటప్పుడు నా సంచి అతనే కిందికి అందించాడు.

ఇంట్లో కుంకం, ఎర్రగుడ్డ అమ్మమ్మ చేతిలో పెట్టి, సంక్రాంతి దాకా ఉండి హైదరాబాద్ బయల్దేరాను. అమీర్‌పేటలో హాస్టల్. గదికి నలుగురం. ఇద్దరు కోర్సులు నేర్చుకుంటున్నారు, ఒకమ్మాయి పగలు ఇంటర్వ్యూలకు తిరిగి రాత్రి జావా చదువుతుంది. ఉదయం లేవగానే నౌక్రీలో ప్రొఫైల్ అప్‌డేట్ చెయ్యడం, లింక్డిన్‌లో తెలిసినవాళ్లను రెఫరల్ అడగడం, ఆటోమేషన్ టూల్స్ మళ్లీ దిద్దుకోవడం. ఫోన్లు వస్తాయి. కరెంట్ సీటీసీ ఎంత, నోటీస్ పీరియడ్ ఉందా, వెంటనే చేరతారా. ఆ తర్వాత గొంతు కాస్త మారుతుంది. “గ్యాప్ ఎందుకొచ్చింది?”

ఆ నెలల్ని ఏదో ఫ్రీలాన్స్ పనితో కప్పేయమని, ఇంట్లోవాళ్లకు బాగోలేదని చెప్పమని స్నేహితులు సలహా ఇచ్చారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. నేను ఒప్పుకోలేదు. రెజ్యూమేలో ఒక్క వాక్యం రాశాను: అస్సాం, మేఘాలయల్లో సొంత ఖర్చుతో ప్రయాణం. కొన్నిచోట్ల అక్కడితో మాట ఆగిపోయింది. పెళ్లి ఎప్పుడని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒక ప్యానెల్లో పెద్దావిడ మాత్రం వేళ్లవంతెన గురించి వివరంగా అడిగింది. ఆడపిల్ల జీవితంలో కాలేజీకీ ఉద్యోగానికీ, ఉద్యోగానికీ పెళ్లికీ మధ్య తనకంటూ కొన్ని నెలలు మిగలడమే అరుదు. వాటిని తప్పు చేసినట్టు దాచుకోమనడం అన్యాయం అని నా అభిప్రాయం.

ఉద్యోగం మీద నాకు అలక లేదు. నేను కామాఖ్య చూసింది, మాజులిలో రాసలీల చూసింది నా జీతంలోంచి మిగిల్చుకున్న డబ్బుతోనే. ఎవరి దయా లేకుండా వెళ్లగలిగింది ఆ డబ్బువల్లే. అందుకే ఇప్పుడు ఇంకా గట్టిగా వెతుకుతున్నాను.

వెళ్లాలనుకునే అమ్మాయిలు నవంబరు, మార్చిల మధ్య వెళ్లండి. అస్సాం, మేఘాలయలకు ఇన్నర్ లైన్ పర్మిట్ అక్కర్లేదు, అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు కావాలి. జీతం వచ్చిన మొదటి నెల నుంచే మీ ఒక్కరి పేరు మీద ఒక ఖాతా నడపండి. ఇంట్లో ఆస్తి కాగితాల మీద ఎవరైనా సంతకం పెట్టమంటే, చదవకుండా పెట్టకండి.